సంస్థ సమాచార ప్రణాళిక: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా సంస్థ తరఫున ఏడాదికి సమాచార ప్రణాళిక, అంటే ఎవరికి ఏమి, ఎలా చెప్పాలో నిర్ణయించే పత్రం, రాసే బాధ్యత నాకు అప్పగించారు. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ఈ ఏడాది సంస్థ సాధించదలచినదేమిటో, అందుకు ఎవరి నమ్మకం అవసరమో ముందుగా యాజమాన్యంతో కూర్చుని తేల్చుకోండి. ఉద్యోగులు, వినియోగదారులు, వాటాదారులు, నియంత్రణ సంస్థలు, పత్రికలవారు మీ గురించి ఇప్పుడు ఏమనుకుంటున్నారో, వారికి ఏమి తెలియాలో విడివిడిగా రాసుకుంటే, చెప్పవలసిన మాట, దానికి తగిన మాధ్యమం రెండూ స్పష్టమవుతాయి. వీరిలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఉద్యోగులేనని నా అభిప్రాయం. తమ సంస్థ నిర్ణయాన్ని పత్రికలో చదివి తెలుసుకోవలసి రావడం వారికి ఎంతో బాధ కలిగిస్తుంది కనుక, ముఖ్యమైన వార్త ముందుగా వారికే చేరేలా చూడండి.

సంక్షోభానికి ప్రత్యేక అధ్యాయం తప్పనిసరి. 1982లో షికాగో ప్రాంతంలో సైనైడ్ కలిసిన టైలనాల్ అనే నొప్పి నివారణ గుళికలు మింగి ఏడుగురు మరణించినప్పుడు, ఆ మందు తయారీదారైన జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ ప్రజలను హెచ్చరించి, సుమారు 3.1 కోట్ల సీసాలను వెనక్కి రప్పించింది. అలాంటి వేళ ఎవరు మాట్లాడాలో, ఆ మాటను ఎవరు ఆమోదించాలో, వారు అందుబాటులో లేకపోతే ఆ బాధ్యత ఎవరిదో ఇప్పుడే పేర్లతో సహా రాసిపెట్టండి.

ఖర్చు, గడువులు సరే. ఫలితాన్ని మాత్రం పంపిన పత్రికా ప్రకటనల సంఖ్యతో కొలవకండి. మూడు నెలలకొకసారి ఉద్యోగులను, వినియోగదారులను నేరుగా అడిగి, వారికి అర్థమైనదానిని బట్టి ప్రణాళికను సవరించండి.