న్యూజిలాండ్ దారి పట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

దసరా సెలవుల్లో న్యూజిలాండ్ దక్షిణ దీవి చుట్టిరావాలని మీరు వేసుకున్న పట్టిక చూశాను. ఎనిమిది రోజుల్లో క్రైస్ట్‌చర్చ్, టెకపో, మౌంట్ కుక్, క్వీన్స్‌టౌన్, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ మిల్ఫర్డ్ సౌండ్, ఆపైన పడమటి తీరం. మీరిద్దరే అయితే సరేననేవాణ్ణి. ఎనిమిదేళ్ల వాడినీ నాలుగేళ్ల దాన్నీ వెనక కూర్చోబెట్టుకుని ఇంత తిరిగితే వాళ్లకు గుర్తుండేది కారు కిటికీ ఒక్కటే. పడమటి తీరం తీసేయండి. ఆ రోజులను మిగిలిన ఊళ్లకు పంచి, వీలైనంతవరకు ఒక్కో చోట రెండేసి రాత్రులు ఉండండి. రోజుకు మూడు గంటలకు మించి కారు నడపవద్దు. క్రైస్ట్‌చర్చ్ నుంచి టెకపోకు సుమారు మూడు గంటలు, ఆ రోజుకు అది చాలు. సరస్సు ఒడ్డున పిల్లలు రాళ్లు విసురుకుంటూ గడిపే సాయంత్రం కూడా యాత్రలో భాగమే.

విమానం దిగిన రోజు మాత్రం అల్లుడుగారు స్టీరింగు పట్టకూడదు. అక్టోబరులో అక్కడి గడియారం మనకంటే ఏడున్నర గంటలు ముందుంటుంది. మనలాగే ఎడమవైపు నడుపుతారు కదా అనే ధీమా నిద్రమత్తులో పనికిరాదు. మలుపుల రోడ్ల మీద ఒకే వాహనం పట్టే వంతెనలు వస్తాయి. బోర్డు మీద మన వైపు బాణం చిన్నదిగా, ఎర్రగా ఉంటే ఆగి, ఎదుటివాళ్లను వెళ్లనివ్వాలి.

ఇక మిల్ఫర్డ్. క్వీన్స్‌టౌన్ నుంచి ఒక్క రోజులో వెళ్లి వచ్చేయాలని రాశావు. పోవడానికే ఇంచుమించు 290 కిలోమీటర్లు, నాలుగు గంటలు. పడవ షికారు కలుపుకుంటే పిల్లలు సొమ్మసిల్లిపోతారు. రెండు రాత్రులు దారిలోనే ఉన్న టె అనౌ అనే ఊళ్లో ఉండండి, అక్కడి నుంచి మిల్ఫర్డ్‌కు 120 కిలోమీటర్లే. ట్యాంకు అక్కడే నింపుకోండి. దారిలో చాలా మేర ఫోను సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపు ముందే దించుకోవాలి. అక్టోబరులో అక్కడ వసంతమే అయినా ఆ కొండల్లో నవంబరు దాకా మంచుచరియల భయం ఉంటుంది, ఒక్కోసారి రోడ్డు మూసేస్తారు. ఉదయం లేవగానే రోడ్డు పరిస్థితి చూడండి. చక్రాలకు గొలుసులు ఉండాలని బోర్డు పెడితే అవి లేకుండా కదలకూడదు, టె అనౌలో అద్దెకు దొరుకుతాయి. రోడ్డు మూస్తే పడవ టికెట్టు తేదీ మార్చుకునే వీలుందా అన్నది కొనే ముందే అడుగు. రెండో రాత్రి ఉండమన్నది అందుకే.

మిల్ఫర్డ్ దారిలో వచ్చే హోమర్ సొరంగం దగ్గర కియా అనే కొండచిలుకలు కారు చుట్టూ చేరి రబ్బరు పట్టీలు పీకుతాయి. పిల్లలు మురిసిపోతారు, కానీ వాటికి చిన్న బిస్కెట్టు ముక్క కూడా వేయనివ్వకు. నీటి ఒడ్డున కుట్టే చిన్న ఈగలుంటాయి. చిన్నదానికి చేతులు, కాళ్లు కప్పే బట్టలు వేసి, పూత మందు రాయి.

తిండి సంగతి జాగ్రత్తగా విను. ఆవకాయ సీసా, పొడులు, మురుకులు, ఏది తీసుకెళ్లినా ఆ దేశంలో అడుగుపెట్టేముందు నింపే ప్రయాణికుల ప్రకటన పత్రంలో రాయాల్సిందే. రాయకపోతే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. తేనె అసలు పెట్టుకోవద్దు. విమానంలో ఇచ్చిన ఆపిల్ పిల్లల సంచిలో ఉండిపోకుండా చూడు. బస చేసే చోట వంటగది ఉందో లేదో అడుగు. బియ్యం, పెరుగు అక్కడి సూపర్ మార్కెట్లలో దొరుకుతాయి, పిల్లలకు రాత్రిపూట వేడన్నం పెట్టగలిగితే సగం పేచీలు ఉండవు.

చిన్నదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకునే అలవాటు ఇక్కడే మాన్పించు. అక్కడ ఏడేళ్లు నిండేదాకా పిల్లల సీటు చట్టప్రకారం తప్పనిసరి. పెద్దవాడికి కూడా బూస్టర్ సీటు, అంటే బెల్టు సరిగ్గా పట్టేలా ఎత్తు పెంచే సీటు, తీసుకోవాలని నా మాట. కారుతో పాటే రెండు సీట్లూ ఈ వారంలోనే బుక్ చేసెయ్యి. అల్లుడుగారి లైసెన్సు గడువు ఎప్పటిదాకా ఉందో చూడమను. ఫోనులో ఫొటో చాలదు, అసలు కార్డే వెంట ఉండాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న