వంశధార ఎడమ కాలువ కింద వరి దిగుబడి: మల్టీలెవెల్ మోడల్ 'సింగ్యులర్' అంటే ఏం చేయాలి?

మీ డేటా ఇదీ: జలుమూరు నుంచి పలాస దాకా వంశధార ఎడమ కాలువ కింద 6 మండలాలు, 40 ఊళ్లు, ఊరికి 10 మంది రైతులు, 2017, 2018, 2019 ఖరీఫ్‌లు. మొత్తం 1200 వరుసలు. శివారుకు వెళ్లేకొద్దీ దిగుబడి ఎంత తగ్గుతోంది, నత్రజని ఎంత కలిసొస్తోంది అన్నది మీ ప్రశ్న. ఆర్‌లో ఎల్ఎంఈ4 ప్యాకేజీకి మీరిచ్చిన ఫార్ములా:

దిగుబడి ~ నత్రజని + దూరం + (1 + నత్రజని + దూరం | మండలం/గ్రామం/రైతు)

రాండమ్ ఎఫెక్టులు (గుంపు గుంపుకూ మారే అంకెలు) వరుసల కంటే తక్కువే ఉన్నాయా అన్న తనిఖీలో మొదట ఎర్రర్ వచ్చి ఆగింది. కంట్రోల్‌లో ఆ తనిఖీని 'ఇగ్నోర్' అని పెడితే నడిచింది గానీ 'సింగ్యులర్ ఫిట్' అంది, అంటే ఏదో ఒక రాండమ్ వేరియన్స్ సున్నాకో, కోరిలేషన్ 1కో -1కో అంటుకుపోయిందని. కోరిలేషన్లు 1.00, -1.00 వచ్చాయి. ఆప్టిమైజర్ (మోడల్ అంకెలను వెతికే లెక్క పద్ధతి) మార్చమంటారా అని అడిగారు.

ఇప్పుడే వద్దు. ఆ మొదటి ఎర్రర్ నిజమే చెప్పింది, మీరే దాని నోరు నొక్కేశారు. 400 మంది రైతులకు తలా 3 రాండమ్ ఎఫెక్టులు అడిగారు, అంటే 1200. వరుసలూ 1200. ఇక రెసిడ్యువల్‌కు (మోడల్ చెప్పలేని మిగులుకు) చోటెక్కడిది? మూడు పంటలు మాత్రమే ఉన్న రైతుకు సొంత నత్రజని స్లోప్ (ఒక యూనిట్ పెరిగితే దిగుబడి ఎంత మారుతుందన్న అంకె) కట్టలేం. దూరం సంగతి ఇంకా తేలిక. కాలువ మొదలయ్యే గొట్టా బ్యారేజీ నుంచి కొలిచిన దూరం ఊరిది, రైతుది కాదు. ఊరి లోపల మారని దానికి ఊరి స్థాయిలోనో రైతు స్థాయిలోనో స్లోప్ అడిగితే అర్థం లేదు. ఏ స్థాయిలో మారుతుందో దానికి పైస్థాయి గ్రూపులోనే స్లోప్ పెట్టాలి. దూరానికి పైన ఉన్నది మండలం, అవి ఆరే. ఆరు చుక్కలతో వేరియన్స్ కొలిస్తే సున్నా అయినా రావచ్చు, ఊహకందనంతైనా రావచ్చు. కాబట్టి దూరం ఫిక్స్‌డ్ ఎఫెక్టుగానే (అందరికీ ఒకే అంకెగానే) ఉండాలి.

ఫార్ములా కంటే ముందు డేటా పట్టికలో మూడు చూడండి. ఒకటి, ఊళ్ల పేర్లు. మన వైపు 'కొత్తవలస', 'కొత్తూరు', 'కొత్తపేట' ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. పేరు మాత్రమే ఇస్తే వేర్వేరు మండలాల్లోని రెండు కొత్తపేటలు ఒకే ఊరైపోతాయి. మోడల్ ఏ వార్నింగూ ఇవ్వదు. మండలం కోడ్ కలిపి ప్రతి ఊరికీ విడి గుర్తు పెట్టండి. రైతులకు ప్రతి ఊళ్లో 1 నుంచి 10 అని నంబర్లు వేసి ఉంటే అక్కడా ఇదే గొడవ, అందుకే కింద 'గ్రామం:రైతు' అని రాస్తున్నాను. గ్రూపులెన్ని ఉన్నాయో అవుట్‌పుట్ అడుగున వస్తుంది. అక్కడ 40, 400 కనబడకపోతే మిగతాది చదవక్కర్లేదు.

రెండోది కొలతలు. బస్తా అంటే ఒకరి లెక్కలో 75 కిలోలు, ఇంకొకరికి 80. అన్నీ ఎకరాకు కిలోల్లోకి మార్చండి. కొన్ని వరుసలు పంట కోత ప్రయోగాల నుంచి వచ్చాయన్నారు. 5 మీటర్ల చదరపు మడి అంటే 25 చదరపు మీటర్లు, అక్కడి కిలోను సుమారు 162తో గుణిస్తే ఎకరా లెక్క వస్తుంది. కానీ రైతు నోటి మాటను, తూచిన ధాన్యాన్ని ఒకే గాటన కట్టవద్దు, 'కొలత పద్ధతి' అని ఒక వేరియబుల్ పెట్టండి. నత్రజనిని యూరియా బస్తాల్లో రాసుకుని ఉంటే అందులో నత్రజని 46 శాతం: 2018 నుంచి వచ్చిన 45 కిలోల బస్తాలో 20.7 కిలోలు, 2017 నాటి 50 కిలోల బస్తాలో 23 కిలోలు. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోలు. చాలామంది డీఏపీని మరిచిపోతారు.

మూడోది స్కేలు. దూరం మీటర్లలో, నత్రజని కిలోల్లో ఉంటే 'వేరియబుళ్ల స్కేళ్లు చాలా తేడాగా ఉన్నాయి' అన్న వార్నింగ్ వస్తుంది. దూరాన్ని 10 కిలోమీటర్లకు, నత్రజనిని 10 కిలోలకు ఒక యూనిట్‌గా పెట్టుకోండి. కన్వర్జెన్స్ ఫిర్యాదుల్లో (లెక్క ఒకచోట నిలబడలేదన్న వార్నింగుల్లో) సగం ఇక్కడే పోతాయి. ఇవన్నీ అయ్యాకా మిగిలితే అప్పుడు 'బాబికా' ఆప్టిమైజర్, లేదా 'ఆల్‌ఫిట్'తో అన్ని ఆప్టిమైజర్లనూ నడిపి అంకెలు కలుస్తున్నాయో లేదో చూడటం.

ఇక అసలు చిక్కు సాఫ్ట్‌వేర్‌ది కాదు, తిత్లీది. 2018 అక్టోబర్ 11న ఆ తుపాను తీరం దాటింది పలాస వైపే. మీ కాలువ శివారూ అటే. కాబట్టి ఆ ఏడాది శివారు ఊళ్లలో ధాన్యం తగ్గితే అది నీరందకనా, గాలివానకా? దూరానికి ఒకే కోఎఫిషియెంట్ ఇస్తే తుపాను నష్టం కొంత కాలువ ఖాతాలో పడిపోతుంది. అందుకని దూరం, సీజన్ ఇంటరాక్షన్ (దూరం ఫలితాన్ని సీజన్‌ను బట్టి మారనివ్వడం) తప్పనిసరి. సీజన్లు మూడే గనుక అది ఫిక్స్‌డ్. ఆధార సీజన్‌గా 2017 పెడితే 'దూరం' వరుసలో కనబడేది 2017లో ప్రతి 10 కిలోమీటర్లకు వచ్చే మార్పు. 'దూరం:2018' అన్నది దానికి అదనంగా ఆ ఏడాది వచ్చిన మార్పు, 2018 మొత్తం వాలు కాదు. అది కావాలంటే రెండూ కూడాలి.

అంతేకాదు, తుపానైనా తెగులైనా ఒక ఊరి పొలాలన్నిటినీ ఒకేసారి కొడుతుంది. ఆ ఏడు ఆ ఊళ్లోని పది వరుసలు ఒకదానికొకటి విడివి కావు. దీనికి 'గ్రామం:సీజన్' అని ఇంకో రాండమ్ ఇంటర్‌సెప్ట్ (ప్రతి ఊరు-సీజన్‌కూ విడి స్థాయి) కావాలి. ఇది రైతుకు పైనా కాదు కిందా కాదు, అడ్డంగా పోతుంది, దీన్నే క్రాస్డ్ అంటారు. వదిలేస్తే ఆ ఊరి దెబ్బ రెసిడ్యువల్‌లో కలిసిపోయి, దూరం:సీజన్ స్టాండర్డ్ ఎర్రర్ మరీ చిన్నదిగా వస్తుంది. 1200 స్వతంత్ర సాక్ష్యాలున్నట్టు మోడల్ అనుకుంటుంది, ఉన్నవి 120 ఊరు-సీజన్లు.

నత్రజనిని రెండుగా విడగొట్టండి: ఊరి సగటు, ఆ సగటు నుంచి ఈ వరుస తేడా. నీళ్లు బాగా అందే ఊళ్లో అందరూ ఎక్కువ యూరియా వేస్తారు, దిగుబడీ ఎక్కువే. ఆ సంబంధాన్నీ, ఒకే ఊళ్లో పది కిలోలు ఎక్కువ వేస్తే వచ్చే ఫలితాన్నీ ఒకే అంకెలో కలిపితే అది రెండింటికీ కాకుండా పోతుంది. రైతుకు సలహా ఇవ్వడానికి పనికొచ్చేది 'లోపల' అంకె, అదీ జాగ్రత్తగానే. ఎరువు ఎక్కువైతే చేను పడిపోతుంది కాబట్టి దాని వర్గాన్ని (స్క్వేర్) కూడా పెట్టి చూడండి. ఆ వర్గం కాక మిగతాదంతా కలిపితే ఫార్ములా ఇదీ:

దిగుబడి ~ నత్రజని_లోపల + నత్రజని_సగటు + దూరం * సీజన్ + రకం + సాగు_పద్ధతి + కొలత_పద్ధతి + (1 + నత్రజని_లోపల | గ్రామం) + (1 | గ్రామం:సీజన్) + (1 | గ్రామం:రైతు)

'రకం' అంటే 1001, శ్రీకాకుళం సన్నాలు లాంటివి, 'సాగు_పద్ధతి' అంటే ఉభాలా (నాట్లు), ఎదలా (వెదజల్లడం) అన్నది. స్లోప్ కోరిలేషన్ మళ్లీ -1 దగ్గరికి వస్తే ఒంటి గీత బదులు జంట గీత '||' వాడి కోరిలేషన్ తీసేయండి. అది అంకెల వేరియబుళ్లకే సరిగ్గా పనిచేస్తుంది, ఫ్యాక్టర్లకు కాదు. అప్పటికీ స్లోప్ వేరియన్స్ సున్నాయే అంటే ఊరూరికీ నత్రజని ఫలితం మారుతోందని చెప్పే బలం మీ డేటాకు లేదు. తీసేయండి, ఆ మాట రిపోర్టులో రాయండి.

మండలం ఎక్కడా లేదేమని అడుగుతారు. ఫిక్స్‌డ్‌గా పెడితే దూరంలోని తేడా చాలావరకు మండలాల మధ్యే కాబట్టి దాన్ని మింగేస్తుంది, మిగిలేది ఒకే మండలంలో ముందు ఊరికీ వెనక ఊరికీ తేడా. పెట్టకపోతే మండలానికే ఏదైనా ప్రత్యేకత ఉంటే దూరం స్టాండర్డ్ ఎర్రర్ తక్కువగా వస్తుంది. తప్పించుకునే దారి లేదు. నేనైతే రెండూ నడిపి పక్కపక్కన పట్టికలో పెడతాను, రెండింటిలోనూ దిశ ఒకటైతేనే గట్టిగా మాట్లాడతాను.

వేరియన్స్ పట్టిక చదవడానికి ఊరికే అంకెలు అనుకుందాం: స్టాండర్డ్ డీవియేషన్ గ్రామానికి 180, గ్రామం:సీజన్‌కు 210, రైతుకు 120, రెసిడ్యువల్ 240 కిలోలు. భాగాలు చూసేటప్పుడు వీటిని కూడకండి, వర్గాలను కూడండి: 32400, 44100, 14400, 57600, మొత్తం 148500. ఒకే ఊరు, ఒకే ఏడు, ఇద్దరు రైతుల మధ్య పోలిక (32400 + 44100) / 148500, అంటే 0.52. అదే ఊళ్లో వేర్వేరు ఏళ్లలో ఇద్దరికైతే 0.22. ఒకే రైతు రెండేళ్లకు 0.32. ఐసీసీ (ఒకే గుంపులోని రెండు వరుసల మధ్య పోలిక) ఎంత అని అడిగితే ఎవరితో ఎవరిని పోలుస్తున్నారో ముందు చెప్పాలి. రాండమ్ స్లోప్ ఉంటే ఇవి సగటు నత్రజని దగ్గరి అంకెలు మాత్రమే. స్లోప్‌కూ ఇదే తీరు: సగటు 50 కిలోలు, ఊళ్ల మధ్య డీవియేషన్ 20 అయితే, 100లో 95 ఊళ్లకు స్లోప్ 11 నుంచి 89 మధ్య ఉంటుంది. సగటు ఒక్కటే రాస్తే ఇది దాక్కుంటుంది.

ఎల్ఎంఈ4 పీ-విలువ ఇవ్వదు, ఎల్ఎంఈఆర్‌టెస్ట్ ప్యాకేజీ లోడ్ చేస్తే శాటర్త్‌వెయిట్ పద్ధతిలో ఇస్తుంది. అక్కడ పీ-విలువ కంటే ముందు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఎన్ని స్వతంత్ర సాక్ష్యాలున్నాయని మోడల్ అనుకుంటోందో చెప్పే అంకె) చూడండి. దూరానికి ఊళ్ల సంఖ్యకూ ఊరు-సీజన్ల సంఖ్యకూ మధ్య, అంటే సుమారు 40 నుంచి 120 లోపు రావాలి. 1100 పైన కనబడితే గ్రామం, గ్రామం:సీజన్ వేరియన్సులు కుప్పకూలాయన్నమాట.

ఫిక్స్‌డ్ భాగం మార్చి రెండు మోడళ్లను పోల్చాలంటే ఎంఎల్ (మాగ్జిమమ్ లైక్‌లీహుడ్) పద్ధతితోనే, రెమ్ల్ (రిస్ట్రిక్టెడ్ మాగ్జిమమ్ లైక్‌లీహుడ్)తో కాదు. 'అనోవా' ఫంక్షన్ తనంతట తానే మళ్లీ ఎంఎల్‌తో కట్టుకుంటుంది. చివరి అంకెలు రెమ్ల్‌తో ఇవ్వండి. 2018లో పూర్తిగా పోయిన చేలు సున్నాగా ఉంటే ఆ ఏడు రెసిడ్యువల్ గీతలు చెదిరిపోతాయి. అప్పుడు జీఎల్ఎంఎంటీఎంబీ ప్యాకేజీలో 'డిస్ప్‌ఫార్ములా'కు సీజన్ ఇచ్చి ఏడాదికో రెసిడ్యువల్ వేరియన్స్ ఉండనివ్వండి.

మీ గైడ్ స్టాటా సాఫ్ట్‌వేర్‌లో నడిపితే అంకెలు కలవలేదన్నారు. స్టాటా 'మిక్స్‌డ్' మామూలుగా ఎంఎల్ వాడుతుంది, ఇంటర్‌సెప్ట్‌కూ స్లోప్‌కూ కోరిలేషన్ లేదనుకుంటుంది. ఎల్ఎంఈ4 రెమ్ల్ వాడుతుంది, కోరిలేషన్ కడుతుంది. స్టాటాలో రెమ్ల్ ఆప్షన్, 'కోవేరియన్స్ అన్‌స్ట్రక్చర్డ్' ఇచ్చి మళ్లీ చూడమనండి. స్టాటా మామూలుగా వేరియన్స్ చూపిస్తుంది, ఆర్ పక్కనే డీవియేషన్ కూడా చూపిస్తుంది, ఒకదాని వేరియన్స్‌ను ఇంకోదాని డీవియేషన్‌తో పోల్చుకుని 'కలవలేదు' అనుకోవద్దు.