గుండె వాల్వు సన్నబడితే ఆహారంతో తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 32 ఏళ్లు. చిన్నతనంలో కీళ్లనొప్పులతో జ్వరం వచ్చి చాలాకాలం ఇంజెక్షన్లు వేయించుకున్నాను. ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఎకో (గుండె స్కానింగ్) తీయగా, గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు దారి సన్నబడిందని, వైశాల్యం 1.3 చదరపు సెంటీమీటర్లని, ‘మోడరేట్’ అని రాశారు. మూడు వారాలకోసారి వేసే పెనిసిలిన్ ఇంజెక్షన్ నొప్పి భరించలేక ఏడాదిగా మానేశాను. మాత్రలతో ఆయాసం తగ్గింది. వాల్వు మామూలుగా అవడానికి ఏం తినాలి? రెండో బిడ్డను కందామనుకుంటున్నాం. – ఒక సోదరి, మహబూబ్‌నగర్

జవాబు: ఆహారం సంగతి ఒక్క మాటలో చెబుతానమ్మా. ఏం తిన్నా వాల్వు తిరిగి తెరుచుకోదు. ఉప్పు, ఊరగాయలు, అప్పడాలు తగ్గిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరకుండా కొంత మేలు జరుగుతుంది, అంతే. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినవి వేరే రెండు విషయాలు: మీరు ఇంజెక్షన్ మానేయడం, ఈ స్థితిలో గర్భం గురించి ఆలోచించడం.

చిన్నప్పుడు మీకు వచ్చింది రుమాటిక్ జ్వరం అయి ఉండవచ్చు. గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా సోకిన రెండు మూడు వారాలకు, దానిపై పోరాడాల్సిన మన రోగనిరోధక శక్తే పొరపాటున గుండె కవాటాలను దెబ్బతీయడం వల్ల ఈ జబ్బు వస్తుంది. మళ్లీ గొంతు ఇన్‌ఫెక్షన్ వచ్చి జ్వరం తిరగబెట్టిన ప్రతిసారీ వాల్వు రేకులు మరికొంత మందమై, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. 12 లక్షల యూనిట్ల పెనిసిలిన్ అడ్డుకునేది దీన్నే. ఆయాసం తగ్గిందంటే మాత్రలు ఒంట్లో నీటిని తగ్గించాయనే తప్ప వాల్వు బాగుపడిందని కాదు. వాల్వు దెబ్బతిన్నవారికి చివరిసారి జ్వరం వచ్చాక పదేళ్లు గానీ, 40 ఏళ్ల వయసు వరకు గానీ, ఏది ఎక్కువైతే అంతకాలం, కొందరికి జీవితాంతం కూడా ఈ రక్షణ అవసరమవుతుంది. నొప్పి నిజమే, కాదనను. కానీ ఆ మాట డాక్టరుకు చెప్పి ఉంటే, మందు నెమ్మదిగా ఎక్కించడం, నొప్పి తెలియకుండా చేసే లిగ్నోకైన్ కలిపి ఇవ్వడం వంటి ఉపాయాలు ఉండేవి. చెప్పకుండా ఏడాది గడపడం మాత్రం పొరపాటేనమ్మా. ఇది చదివి వెంటనే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకోకండి. వాల్వు బాగా సన్నబడినవారికి ఇంజెక్షనా, రోజూ వేసుకునే మాత్రలా అన్నది కార్డియాలజిస్టే నిర్ణయించాలి. ఇంజెక్షనైతే ఆసుపత్రిలోనే, పడుకోబెట్టి వేసి, కొంతసేపు గమనించాలి.

ఇక ‘మోడరేట్’ అన్న మాట చూసి తేలికగా తీసుకోకండి. మామూలు మైట్రల్ వాల్వు 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది, 1.5 లేదా అంతకన్నా తక్కువైతే తీవ్రమైనదిగానే ఇప్పటి మార్గదర్శకాలు లెక్కిస్తున్నాయి. గర్భిణిలో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది, గుండె వేగమూ పెరుగుతుంది. ఇరుకు వాల్వు గుండా అంత రక్తం దిగే వ్యవధి లేక, అది వెనక్కి ఊపిరితిత్తుల్లో నిలిచి ప్రాణం మీదికి రావచ్చు. మొదటి కాన్పు సాఫీగా జరిగినా రెండోదీ అలాగే జరుగుతుందన్న భరోసా లేదు. కాబట్టి కార్డియాలజిస్టు, గైనకాలజిస్టు ఇద్దరూ సరేననే వరకు గర్భం రాకుండా జాగ్రత్తపడండి.

వాల్వు రేకులు ఇంకా మెత్తగా ఉండి, లీకు ఎక్కువగా లేక, కర్ణికలో (గుండె పైగదిలో) రక్తపు గడ్డ లేకపోతే, తొడ దగ్గరి రక్తనాళం గుండా బెలూన్ పంపి వాల్వును వెడల్పు చేయవచ్చు. గర్భానికి ముందే చేయించుకోవడం మేలు. అదే రేకులు గట్టిపడి సున్నం పేరుకుంటే వాల్వు మార్చాల్సి రావచ్చు. లోహపు వాల్వు పెడితే జీవితాంతం రక్తం పలుచబరిచే మందు వాడాలి, అది తొలి నెలల్లో కడుపులోని బిడ్డకు హాని చేయవచ్చు. ఇంజెక్షన్ విషయంలో నేను ఇంతగా పట్టుబట్టేది ఇందుకే. ఖర్చు గురించి ఆరోగ్యశ్రీ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

మిమ్మల్ని చూడకుండా, ఎకో పూర్తి రిపోర్టు చదవకుండా ఇంతకుమించి చెప్పడం సరికాదు. ఈ వారంలోనే పాత రిపోర్టులు, ఇంజెక్షన్ కార్డుతో కార్డియాలజిస్టును కలవండి. ఈలోగా నాడి క్రమం తప్పి కొట్టుకున్నా, పడుకుంటే ఊపిరాడకపోయినా, దగ్గులో రక్తం పడినా, మూతి వంకరపోయినా, కాలుచేయి పడిపోయినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.