ల్యాప్‌టాప్ నిండింది.. గెట్టు ఫొటోలు క్లౌడ్‌లో పెట్టి తీసేయొచ్చా?

ప్రశ్న: మాది హాలియా దగ్గర ఊరు. మా 3 ఎకరాల 12 గుంటల పక్క పట్టాదారు రెండేళ్లుగా గెట్టు దున్నుకుంటూ మా వైపు వస్తున్నాడు. హద్దు కడీలు పీకిన రోజు నుంచి ఫొటోలు, వీడియోలు తీసి పెట్టాను. ఆ ఫోను ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశాను. ఫొటోలన్నీ 256 జీబీ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి, అది నిండిపోయింది. హైదరాబాద్‌లో ఉండే తమ్ముడు వాటిని తన గూగుల్ ఫొటోస్‌లో ఎక్కించి, ఆల్బమ్ లింకు వకీలుకు పంపి, ల్యాప్‌టాప్‌లోవి తీసేద్దామంటున్నాడు. ఇంకా దావా వేయలేదు. అలా చేస్తే కోర్టులో చెల్లుతాయా?

జవాబు: ఎక్కించండి, కానీ ల్యాప్‌టాప్‌లోవి తీసేయకండి. ఎక్కించడం కూడా తమ్ముడి ఖాతాలో వద్దు, మీ ఖాతాలోనే.

ఫొటో క్లౌడ్‌లో ఉన్నంత మాత్రాన చెల్లకుండా పోదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం, 2023 ప్రకారం పాత సాక్ష్య చట్టంలోని 65బి సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డు ఎక్కడి నుంచి, ఎలా వచ్చిందో చెప్పే ధ్రువపత్రం) స్థానంలో ఇప్పుడు సెక్షన్ 63(4) సర్టిఫికెట్ ఇవ్వాలి. దానికి రెండు భాగాలు. మొదటిది ఆ పరికరాన్ని వాడుతున్న మనిషి సంతకం చేసేది, రెండోది నిపుణుడు చేసేది. రికార్డు ఎక్కడి నుంచి వచ్చిందో టిక్ పెట్టే చోట మొబైల్, కంప్యూటర్‌తో పాటు క్లౌడ్ కూడా ఉంది. మేక్, మోడల్, సీరియల్ నంబర్, ఐఎంఈఐ (ఒక్కో ఫోనుకు ఉండే ప్రత్యేక నంబర్) లేదా క్లౌడ్ ఐడీ రాయాలి. ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. దావా పెట్టాక మనవాళ్లకు చిక్కు వచ్చేది ఇక్కడే.

ఒక ఫైలును లెక్కగడితే వచ్చే పొడవాటి అక్షరాల, అంకెల వరుసే హ్యాష్. ఫైలు పేరు మార్చినా, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసినా అది మారదు. ఫొటోను కత్తిరించి సేవ్ చేసినా, వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపినా మారిపోతుంది. వాట్సాప్ ఫొటో సైజు తగ్గించడమే కాదు, తీసిన తేదీ, సమయం, లొకేషన్ వివరాలు కూడా తీసేస్తుంది. వకీలుకు వాట్సాప్‌లోనే పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి.

గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ నాణ్యత ‘స్టోరేజ్ సేవర్’ అని ఉంటే ఫొటోను కుదించి దాస్తుంది, 16 మెగాపిక్సెళ్లు దాటినవాటిని ఆ సైజుకు తగ్గిస్తుంది. చూడటానికి తేడా తెలియదు, హ్యాష్ మాత్రం వేరు. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లోది తీసేస్తే మీ చేతిలో మిగిలేది కుదించినదే. ‘ఒరిజినల్ క్వాలిటీ’ పెట్టాకే ఎక్కించండి. ఉచితంగా వచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడూ పంచుకుంటాయి కాబట్టి ముందు ఎంత ఖాళీ ఉందో చూసుకోండి.

ఈ పనికి ఫొటోస్ ఆల్బమ్ కంటే గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ మేలని నా అభిప్రాయం. బ్రౌజర్‌లో తెరిచి ఎక్కిస్తే ఫైలు ఉన్నది ఉన్నట్టు పోతుంది. వకీలు ఈమెయిల్‌కు మాత్రమే ‘వ్యూయర్’గా అనుమతి ఇవ్వండి. ‘లింకు ఉన్న ఎవరైనా’ అని పెడితే అది ఊళ్లో గ్రూపులు తిరిగి అవతలి పక్షం చేతికి వెళ్లినా మీకు తెలియదు. ఆల్బమ్‌లో ‘కొలాబరేషన్’ తెరిచి ఉంటే చుట్టాలు కూడా ఫొటోలు కలపొచ్చు. అప్పుడు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ‘ఇందులో మీరు తీసినవి ఏవి, ఎవరో వేసినవి ఏవి’ అన్న ప్రశ్న తప్పదు.

తమ్ముడి ఖాతా ఎందుకు వద్దన్నానంటే, ఆ ఖాతా అతని అధీనంలో ఉంటుంది. అక్కడి నుంచి దించిన ఫొటోలు దాఖలు చేస్తే సర్టిఫికెట్ మొదటి భాగం అతను సంతకం చేయాలి, అవసరమైతే హైదరాబాద్ నుంచి వచ్చి సాక్ష్యం చెప్పాలి.

తీసిన ఫోనే ఉంటే, దాన్ని కోర్టుకు తెచ్చి యజమాని సాక్ష్యం చెప్పే దారి ఉండేది. అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు 2020లో పాత చట్టం కింద చెప్పింది అదే. అది కుదరనప్పుడు సర్టిఫికెట్ తప్పనిసరి. మీ ఫోను పోయింది కాబట్టి అసలుకు దగ్గరగా మిగిలింది ల్యాప్‌టాప్ కాపీయే. ఏ ఫోనుతో తీశారు, ఎప్పుడు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించారు అన్నది ఉన్నదున్నట్టు రాయండి. పాత ఫోను డబ్బా, బిల్లు పారేయకండి, ఐఎంఈఐ నంబర్ దానిమీదే దొరుకుతుంది.

ఇక జాగా సంగతి. ఒక్కోటి 4 ఎంబీ చొప్పున 300 ఫొటోలంటే 1.2 జీబీ మాత్రమే. ల్యాప్‌టాప్ నింపింది ఈ ఫొటోలు కాకపోవచ్చు. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్‌లోకి వెళ్తే ఏది ఎంత తింటోందో కనిపిస్తుంది. పెళ్లి వీడియోలు, డౌన్‌లోడ్స్ బయటి హార్డ్‌డిస్కుకు మార్చండి. గెట్టు ఫొటోలన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్ హ్యాష్‌ఫైల్ ఆదేశంతో (certutil -hashfile ఫైలుపేరు SHA256) ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ256 విలువ తీసి, ఆ జాబితాను ప్రింటు తీసి తేదీతో సంతకం పెట్టండి. రెండు 64 జీబీ పెన్‌డ్రైవ్‌లలో ఆ ఫోల్డర్ కాపీ చేసి ఒకటి వకీలు దగ్గర ఉంచండి. సర్టిఫికెట్‌లో నిపుణుడు చేసే రెండో భాగం ఎవరితో చేయించాలో ఆయనతో ఇప్పుడే మాట్లాడండి.

ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ యాప్ వేసుకుంటే ‘స్ట్రీమ్’ పద్ధతిలో ఫైలు పేరు మాత్రమే కనిపిస్తుంది, అసలు ఫైలు క్లౌడ్‌లో ఉంటుంది. జాగా కోసం అక్కడ డిలీట్ కొడితే క్లౌడ్‌లోనూ పోతుంది. ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది.

ఫొటోలతో హద్దు తేలదు. ఫలానా రోజు గెట్టు ఎక్కడుందో, కడీలు ఉన్నాయో లేవో చెప్పడానికే అవి పనికొస్తాయి. ఈ పంట కారులో మీ స్వాధీనంలోంచి కొత్తగా ఏమైనా జరిపి ఉంటే ఆ తేదీ ముఖ్యం. నిర్దిష్ట ఉపశమన చట్టం సెక్షన్ 6 కింద హక్కు నిరూపించకుండానే స్వాధీనం తిరిగి అడగాలంటే 6 నెలల్లోపే దావా వేయాలి. అది దాటితే హక్కు ఆధారంగా వేసే దావాకు 12 ఏళ్ల గడువు ఉంది. మీసేవలో సర్వేకు దరఖాస్తు పెట్టండి, దావా వేశాక సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వొకేట్ కమిషనర్‌ను వేయమని అడగండి. కమిషనర్ సర్వేయర్‌ను వెంటబెట్టుకుని టిప్పన్‌తో (పాత సర్వే కొలతల పటం) కొలిచి ఇచ్చే నివేదికకు మీ ఫొటోలు తోడుగా ఉంటాయి.