త్రికం నిజంగా పక్కకు జరుగుతుందా?

ప్రశ్న: నా వయసు 34. రెండో కాన్పు అయి ఏడాది దాటింది. నడుము కింద కుడివైపు, పిరుదు పైభాగంలో నొప్పి వస్తోంది. మెట్లు ఎక్కేటప్పుడు, మంచం మీద పక్కకు తిరిగేటప్పుడు ఎక్కువవుతుంది. ఎముకలు సరిచేసే ఒకాయన చూసి, త్రికం (నడుము కింద, రెండు తుంటి ఎముకల మధ్య ఉండే సాక్రమ్) ఎముక పక్కకు జరిగిందని చెప్పి, రెండు వారాలకోసారి నొక్కి దాన్ని తిరిగి చోటికి పంపుతున్నానంటున్నారు. చేయించుకున్న రోజు హాయిగా ఉంటుంది, తర్వాత మళ్ళీ మామూలే. మా యోగా టీచరేమో త్రికాన్ని కదిలించే ఆసనాలు వేయమంటున్నారు. అసలు ఆ ఎముక కదులుతుందా? కదిలేదైతే జరిగిపోదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: త్రికం కదులుతుంది, కానీ మీకు చెప్పినట్టుగా పక్కకు జరిగిపోదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమో తెలియాలంటే దాని నిర్మాణం కొంత తెలియాలి.

చిన్నతనంలో త్రికం ఒకే ఎముక కాదు. విడివిడిగా ఉన్న ఐదు వెన్నుపూసలు యుక్తవయసులో అతుక్కోవడం మొదలై, దాదాపు 25 నుంచి 30 ఏళ్ళ వయసుకు ఒకే ఎముకగా మారతాయి. దానికి రెండువైపులా ఉండే తుంటి ఎముకలు కూడా ఇలియం, ఇస్కియం, ప్యూబిస్ అనే మూడేసి భాగాలు కలిసి ఏర్పడినవే. వెనుక త్రికం, పక్కల తుంటి ఎముకలు కలిసి కటి వలయంగా ఏర్పడతాయి. ఈ వలయంలో ముందువైపు ప్యూబిస్ ఎముకలు కలిసేచోట ఒక కీలు, వెనుక త్రికానికి అటూ ఇటూ రెండు సాక్రోఇలియాక్ కీళ్ళు ఉంటాయి. తల, చేతులు, మొండెం బరువంతా నడుములోని చివరి వెన్నుపూస నుంచి త్రికానికి, అక్కడి నుంచి ఈ రెండు కీళ్ళ ద్వారా కాళ్ళకు చేరుతుంది.

త్రికం పైన వెడల్పుగా ఉండి కిందికి పోనుపోను సన్నబడుతుంది. గొడ్డలి కామలో దిగ్గొట్టిన చీల దెబ్బ పడినకొద్దీ బిగుసుకున్నట్టు, పైనుంచి బరువు పడినకొద్దీ త్రికం రెండు తుంటి ఎముకల మధ్య బిగుసుకుంటుంది. పిల్లల్లో నునుపుగా ఉండే ఈ కీలు ఉపరితలాల మీద యుక్తవయసు తర్వాత గట్లు, గాళ్ళు ఏర్పడి ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. కీలు ముందుభాగంలో మృదులాస్థి, కీలు ద్రవం ఉంటాయి. వెనుకభాగాన్ని నింపి ఉండే లిగమెంట్లు (ఎముకలను కలిపి పట్టే పట్టీలు) మన శరీరంలోని అత్యంత దృఢమైన లిగమెంట్ల కోవకు చెందినవి. ఇంత బందోబస్తు ఉన్న కీలు నిజంగా తప్పాలంటే రోడ్డు ప్రమాదమో, ఎత్తు నుంచి పడిపోవడమో జరగాలి. అలాంటి దెబ్బ తగిలినవారు మీలాగా మెట్లెక్కి ఇంటిపని చేసుకునే స్థితిలో ఉండరు.

ఇక కదలిక సంగతి. మనం పడుకున్న స్థితి నుంచి లేచి నిలబడగానే త్రికం పైఅంచు కొద్దిగా ముందుకు, కిందికి వాలుతుంది. తోకఎముక వైపున్న కొస వెనక్కి పోతుంది. దీన్ని వైద్యులు న్యూటేషన్ అంటారు. మళ్ళీ పడుకున్నప్పుడు దీనికి ఎదురు కదలిక జరుగుతుంది. ఇది ఎంత స్వల్పమో 1989లో స్వీడన్ పరిశోధకులు కొలిచి చూపారు. ఎముకల్లో టాంటలం అనే లోహపు చిన్న గుళికలు అమర్చి, రకరకాల భంగిమల్లో రెండు కోణాల నుంచి ఎక్స్‌రేలు తీసి చూస్తే, కీలు తిరిగిన కోణం సగటున 2.5 డిగ్రీలు, జరిగిన దూరం సగటున 0.7 మిల్లీమీటర్లు. ఇంత స్వల్పమైన కదలికను చర్మం, కొవ్వు, కండరాల మీద నుంచి వేలితో తడిమి పసిగట్టడం ఎవరి చేతికీ సాధ్యమయ్యే పని కాదని నా నిశ్చితాభిప్రాయం.

మీరే పరీక్షించి చూడవచ్చు. నడుము కింద వీపు వైపు రెండు చిన్న గుంటలు కనిపిస్తాయి. తుంటి ఎముకల వెనుక కొసలు అక్కడే తగులుతాయి. వాటి మీద బొటనవేళ్ళు ఉంచి నెమ్మదిగా ముందుకు వంగండి. వేళ్ళ కింద కదలిక స్పష్టంగా తెలుస్తుంది, కానీ అది త్రికం తుంటి ఎముకల మధ్య కదలడం కాదు. కటి వలయం మొత్తం తొడ కీళ్ళ మీద తిరగడం. యోగాసనాల్లో మీకు తెలిసే కదలిక కూడా చాలావరకు తొడ కీళ్ళదీ నడుము వెన్నుపూసలదీ. ఆసనాలు మంచివే, మానవద్దు. కానీ ఒంటికాలి మీద నిలబడేవి, నడుమును బాగా మెలితిప్పేవి నొప్పి తగ్గేవరకు ఆపండి.

మరి నొక్కించుకున్న రోజు హాయి ఎందుకు? ఆ హాయి నిజమే. ఒత్తిడికి కండరాల బిగువు సడలుతుంది, నొప్పిని మోసే నరాల తీవ్రత కాసేపు తగ్గుతుంది. అంతేగాని ఎముక చోటు మారదు. 1998లో స్వీడన్‌లోనే ఇదే టాంటలం పద్ధతితో 10 మందిని పరీక్షించారు. చేత్తో సరిచేశాక తడిమి చూస్తే అంతా మెరుగైనట్టే అనిపించింది, ఎక్స్‌రే కొలతల్లో మాత్రం కీలు స్థానం మారలేదు. నన్ను బాధపెట్టేది ఆ ఖర్చు ఒక్కటే కాదు. ఎముక జరిగిందని నమ్మిన తల్లి వంగడానికి, బిడ్డను ఎత్తుకోవడానికి భయపడుతుంది. కదలిక తగ్గి కండరాలు మరింత బలహీనపడతాయి. అప్పుడు నొప్పికి అదే ఊతమవుతుంది.

గర్భధారణలో రిలాక్సిన్ వంటి హార్మోన్ల ప్రభావంతో లిగమెంట్లు కొంత సడలుతాయి. ముందువైపు కీలులో మామూలుగా 4 నుంచి 5 మిల్లీమీటర్లుండే సందు మరో 2 నుంచి 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాన్పు తర్వాత నెలల్లో ఇది సర్దుకుంటుంది, అయితే కొందరిలో నొప్పి మిగిలిపోతుంది. అలాంటివారికి కావలసింది కీలును బయటినుంచి బిగించి పట్టే కండరాల బలం. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిరుదులను నెమ్మదిగా పైకెత్తి దించడంతో మొదలుపెట్టవచ్చు. పక్కకు తిరిగేటప్పుడు రెండు మోకాళ్ళూ కలిపి తిప్పండి. ఒక ఫిజియోథెరపిస్టును కలవండి. సాక్రోఇలియాక్ కీలును వేర్వేరు కోణాల్లో ఒత్తిచూసే పరీక్షల్లో కనీసం మూడింటిలో మీ నొప్పే మళ్ళీ వస్తే ఈ కీలును అనుమానించవచ్చు. కూర్చున్నప్పుడు నేలకు ఆనే భాగం మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా మాత్రం అదేరోజు ఆస్పత్రికి వెళ్ళాలి.

ప్రశ్న: నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే కటి వలయం దెబ్బతింటుందా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, వరంగల్

జవాబు: దెబ్బతినదు. తొడ కీళ్ళు బిగుసుకుపోయినవారిలో మోకాళ్ళు పైకి లేచి కటి వలయం వెనక్కి వాలుతుంది, నడుము వంపు పోతుంది. ఆ తర్వాత నొప్పి మొదలవుతుంది. మడిచిన దుప్పటి పిరుదుల కింద వేసుకుని, మోకాళ్ళు తుంటి కంటే దిగువన ఉండేలా కూర్చోండి. తొడ కీలు లేదా మోకాలి కీలు అరిగినవారు మాత్రం కుర్చీ వాడటమే మేలు.

ప్రశ్న: నాకు 24 ఏళ్ళు. ఐదు నెలలుగా ఒకసారి కుడి పిరుదులో, ఒకసారి ఎడమ పిరుదులో నొప్పి. పొద్దున లేచాక గంటసేపు నడుము బిగుసుకుపోతుంది, నడిస్తే తగ్గుతుంది. విశ్రాంతి తీసుకుంటే ఎక్కువవుతోంది.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు మామూలు నడుమునొప్పివి కావు. సాక్రోఇలియాక్ కీలు వాపుతో మొదలయ్యే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్ను కీళ్ళ వాపు జబ్బులో సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఆ కీలును మర్దనతో సరిచేయించుకునే ప్రయత్నాలు మానేసి రుమటాలజిస్టును (కీళ్ళ వాపు జబ్బుల నిపుణుణ్ణి) కలవండి. మొదటి దశలో ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు, ఎమ్మారైలో వాపు ముందే బయటపడుతుంది. హెచ్చెల్యే-బి27 రక్తపరీక్ష రోగనిర్ధారణకు తోడ్పడుతుంది, అది ఒక్కటే చాలదు. ఎప్పుడైనా కన్ను ఎర్రబడి నొప్పి వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా సోరియాసిస్ గానీ ఇలాంటి నడుమునొప్పి గానీ ఉన్నాయా అన్నవి డాక్టరుగారికి తప్పక చెప్పండి.