ట్రేడర్ల విజయగాథలు చదివితే ట్రేడింగ్ వచ్చేస్తుందా?

రాదు, నల్లగొండ, పాలమూరు వైపు ఫోన్‌లో డీమ్యాట్ (షేర్లు ఉంచుకునే ఖాతా) తెరిచిన డిగ్రీ పిల్లలు ఎంత ఆశపడ్డా ఆ పుస్తకాలు పద్ధతి నేర్పవు, నష్టం వచ్చినప్పుడు మనిషి ఎలా తట్టుకున్నాడో కొంత చూపిస్తాయి, అంతే. గెలిచినవాళ్ల మీదే పుస్తకాలొస్తాయి, అదే పని చేసి మునిగినోళ్ల గురించి ఎవరు రాస్తారు? స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ లెక్క ప్రకారం 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్, అంటే రాబోయే ధరల మీద చేసుకునే ఒప్పందాలు) చేసిన మామూలు ట్రేడర్లలో 93 శాతం మందికి నష్టమే. అమెరికా ట్రేడర్ జెస్సీ లివర్‌మోర్‌నే చూడండి, 1929 మార్కెట్ పతనంలో షార్ట్ చేసి (ధర పడుతుందని ముందే అమ్మి, పడ్డాక కొని) కోట్ల డాలర్లు సంపాదించాడు, 1934కల్లా దివాలా. 'రెమినిసెన్సెస్ ఆఫ్ ఎ స్టాక్ ఆపరేటర్' ఆయన ఆత్మకథ అనుకుంటారు చాలామంది, కానీ అది ఎడ్విన్ లెఫెవ్ర్ అనే రచయిత ఆయన పేరు మార్చి కథలా రాసింది, పైగా 1923 నాటిది, కాబట్టి ఈ చివరి దివాలా అందులో ఉండదు.