ఇంకో బోరు వేయించే ముందు వానలో మీ పొలం ఒకసారి తిరిగి చూడండి

ప్రశ్న: "అనంతపురం జిల్లాలో మాకు 3 ఎకరాల ఎర్రనేల ఉంది. బోరు ఎండిపోయింది. ఇంకో బోరు వేయించాలా? వాన నీళ్ళు ఇంకిస్తే ఎండిన బోరులో మళ్ళీ నీళ్ళు వస్తాయంటున్నారు, అది నిజంగా జరిగే పనేనా?"

బోరు వేయించకండి. మాది కళ్యాణదుర్గం వైపు. బోరు బండి ఊళ్ళోకి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక ఇల్లు అప్పుల్లో పడటం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఈ విషయంలో గోడ మీద పిల్లిలా మాట్లాడటం నా వల్ల కాదు.

మన జిల్లాలో వానే పడదని అందరూ అంటారు. పడమటి కనుమల చాటున ఉన్నాం, రాష్ట్రంలో మిగతా జిల్లాల కంటే మనకు తక్కువే, ఒప్పుకుంటాను. అయినా ఏటా సగటున 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. ఎకరా అంటే 4 వేల చదరపు మీటర్ల పైచిలుకు. అంటే ఎకరాకు ఏడాదికి 22 లక్షల లీటర్లు, మీ 3 ఎకరాలకు 66 లక్షలు. అన్ని నీళ్ళు 5 వేల లీటర్ల ట్యాంకర్లతో తోలించాలంటే 1300 ట్యాంకర్లు దాటుతాయి. మీ గట్ల మధ్యలో ఊరికే పడే నీళ్ళు వదిలేసి వెయ్యి అడుగుల కింద వెతకడం ఏం న్యాయం చెప్పండి?

ఇందులో చాలావరకు పైరు తాగుతుంది, ఎండకు ఆవిరైపోతుంది. దాన్ని ఎవరూ ఆపలేరు. మన చిక్కంతా వాన పడే తీరుతోనే. వారాల తరబడి చినుకు ఉండదు, పడిన రోజు గంటలో కుమ్మరించి పోతుంది. 50 మిల్లీమీటర్ల వాన ఒక్కటి పడినా మీ పొలంలో 6 లక్షల లీటర్లు. ఎర్రనేల పైన పొర కట్టి ఉంటుంది, అది తాగే లోపే నీళ్ళు వాలుకు దిగి, పై మట్టిని కూడా వెంటబెట్టుకుని వంకలో (వాగులో) కలిసిపోతాయి. పట్టుకోవాల్సింది ఆ గంటనే.

మా సంగతి చెబుతాను. మా నాయన వరసగా బోర్లు వేయించాడు. నీళ్ళు ఎక్కడున్నాయో చెబుతానని టెంకాయ అరచేతిలో పెట్టుకుని పొలమంతా తిరిగే ఆయన ఎక్కడ ఆగితే అక్కడ వేయించాడు. ఆఖరి దాంట్లో ఆరువందల అడుగులు దాటినా బూడిద లాంటి రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. పాత బోరు ఒకటి మాత్రం చీనీ (బత్తాయి) తోట పెట్టిన కొత్తలో రెండించీల పైపు నిండా నీళ్ళు పోసేది. అదీ ఏటికేడు తగ్గి ఎండిపోయింది. కాయ మీదున్న చెట్లను కొట్టించి ఇటుక బట్టీకి కట్టెల కింద తోలాల్సి వచ్చింది. చీనీ చెట్టు పెంచిన వాళ్ళకే తెలుస్తుంది అదెలా ఉంటుందో.

ఆ పాత బోరుకే వాన నీళ్ళు తాపుదామన్నది మా పెద్దనాయన. మా ఊరి చెరువు నిండే కాలంలో ఆయన నీరుగంటి. ఏ మడికి ఎప్పుడు ఎంత నీళ్ళు వదలాలో ఆయన చేతిలో ఉండేది. మేము బోరు చుట్టూ గుంత తవ్వుదామని గడ్డపారలు పట్టుకుని పోతే కోప్పడ్డాడు. "ఒరే అబ్బీ, గుంత తవ్వేది తర్వాత. వాన పడేటప్పుడు నీళ్ళు ఎటు పోతాండాయో చూసినావా ఎప్పుడన్నా?" అన్నాడు. నిజమే, వాన రాగానే అందరం ఇంటికి పరుగెత్తే వాళ్ళమే.

సాయంత్రం పూట పెద్ద వాన పట్టుకున్నప్పుడు ఆయన గోనెసంచి మడిచి నెత్తిన వేసుకుని, నన్ను కూడా లాక్కుని పొలానికి బయల్దేరాడు. చంకలో కంప పుల్లల కట్ట. పొలంలో నీళ్ళు పరచుకుని పోతాయని నేను అనుకునేవాణ్ణి. అలా పోవు. శెనక్కాయ (వేరుశనగ) సాళ్ళ మధ్య సన్నగా మొదలై, ఒకచోట రెండు మూడు సాళ్ళ నీళ్ళు కలుస్తాయి, అవి ఇంకో పాయతో కలుస్తాయి, చివరికి తూర్పు మూల గట్టు తెగిన చోట మోకాలి లోతున ఎర్రగా దూకుతున్నాయి. పెద్దనాయన పాయలు కలిసిన ప్రతిచోటా ఒక పుల్ల గుచ్చుతూ పోయాడు. గట్టు తెగిన చోట చేయి ముంచి పిడికిలి తెరిచి చూపించాడు. చేతి నిండా మెత్తటి ఒండ్రు. "బస్తాల బస్తాల ఎరువు తోలి, దీన్ని వంకకు పంపిస్తాండారు మీరు" అన్నాడు. మా పొలం మ్యాపు నేను ఆ వానలోనే చూశాను. ఏ ఇంజనీరూ గీసివ్వలేని మ్యాపు అది.

పుల్లలు ఎక్కడుంటే అక్కడ వాలుకు అడ్డంగా కందకాలు తీశాం. తీసిన మట్టిని కింది వైపు గట్టుగా వేశాం. బోరు చుట్టూ గుంత ఆఖరున వచ్చింది. మనిషి లోతు దాటి తవ్వి, బోరు పైభాగంలో దించిన కేసింగ్ పైపుకు గుంత లోపలున్న భాగంలో చుట్టూ రంధ్రాలు వేసి, నైలాన్ జాలీ గట్టిగా చుట్టి కట్టాం. అడుగున పెద్ద రాళ్ళు, పైన చిన్న రాళ్ళు, ఆ పైన కంకర, అన్నిటికీ పైన ఇసుక. నీళ్ళు నేరుగా ఇందులోకి రాకూడదు. ముందు ఒక చిన్న గుంతలో ఆగి, మట్టి కిందికి దిగి, పైన తేరిన నీళ్ళే ఇందులోకి పొర్లాలి. ఈ చిన్న గుంత లేకుండా కట్టినవన్నీ రెండో వానకే బురదతో పూడిపోతాయి. తవ్వి ఫొటో తీసి వదిలేసిన ఇంకుడు గుంతలు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎన్నైనా చూపిస్తాను. పురుగుమందు కొట్టిన వెంటనే వచ్చే నీళ్ళను కూడా బోరులోకి పోనివ్వకూడదు, పక్కకు మళ్ళించేయాలి. తాగే నీళ్ళు కూడా అక్కడి నుంచే వస్తాయి కదా.

తర్వాతి పెద్ద వానకు నీళ్ళు గుంతలోకి దిగుతుంటే కేసింగ్ మూత సందుల్లోంచి గాలి బుస కొడుతూ బయటికి వచ్చింది. పెద్దనాయన మూత మీద అరచేయి ఆనించి ఆ గాలి నా చేతికి కూడా తగిలేలా చూపించాడు. లోపల నీళ్ళు చోటు చేసుకుంటున్నాయని అర్థం.

మీరు అడిగిన దానికి జవాబు ఇక్కడుంది. ఆ ఏడాది మా బోరులో నీళ్ళు రాలేదు. కింది పొలం ఆయన పాత దిగుడు బావిలో ఊట మొదలైంది. మన దగ్గర కిందంతా గట్టి రాయి. పైన మెత్తబడిన పొరలోనూ, రాతి పగుళ్ళలోనూ నీళ్ళు నిలుస్తాయి తప్ప చెరువులా ఒకచోట ఉండవు. పగులు ఎటు పోతే నీళ్ళూ అటే పోతాయి, పట్టా ఎవరిదో చూడవు. మా బోరు తర్వాత మెల్లగా తేరుకుంది. పాత రెండించీలు రావు గానీ, డ్రిప్ పెట్టుకుని ఎకరా పైన కూరగాయలు పండిస్తున్నాం. వానలు బాగా పడ్డాయి కాబట్టి వచ్చాయని కింది పొలం ఆయన వాదిస్తాడు. వంక అవతల ఉన్న బావుల్లో ఎందుకు రాలేదో మాత్రం చెప్పడు. పైగా ఊట చూడగానే ఇంకో మోటారు దించాడు! కరెంటు వస్తే చాలు, దానంతటదే ఆడేలా ఆటో స్టార్టరు కూడా పెట్టాడు. నింపేవాడు ఒకడు, తోడేవాడు ఇంకొకడు అయితే ఎన్ని గుంతలు తవ్వినా చాలవు. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లోనే చట్టం వచ్చింది. బోరుకు అనుమతి కావాలి, బోరుకూ బోరుకూ మధ్య దూరం ఉండాలి. మా దగ్గర అర్ధరాత్రి బండి వస్తుంది, తెల్లారేసరికి వెళ్ళిపోతుంది.

అందుకే నేను ఒక్క పొలం గురించి మాట్లాడి ఆగలేను. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు అది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్ళు పని జరిగిందట. మంచి చెరువుకు కావాల్సినవి పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని అందులో రాశారు. కొద్ది నీళ్ళు పెట్టుకుని ఎక్కువ భూమి తడపాలనుకోవడం ఆ ఆరు దోషాల్లో ఒకటి. ఆరున్నర శతాబ్దాల కిందటే రాయి మీద చెక్కి పెట్టారు. మనమేమో రెండించీల బోరుకు ఐదెకరాల చీనీ పెడతాం.

ఇప్పుడు చెరువు పని అనగానే పూడిక తీయడం ఒక్కటే అనుకుంటున్నారు. జేసీబీలు, ట్రాక్టర్లు వస్తాయి, మట్టి పోతుంది. మంచిదే. కానీ చెరువులోకి నీళ్ళు తెచ్చే కాలువల్ని ఎవరూ చూడరు. మా ఊరి చెరువుకు నీళ్ళు తెచ్చే వాగు సగం కంపచెట్లతో పూడింది, మిగతా సగం పొలాల్లో కలిసిపోయింది. చెరువు నిండి మరువ మీదుగా నీళ్ళు పొర్లి పారడం మా పిల్లలు చూడనే లేదు. కాలువ లేని చెరువును ఎంత లోతు తవ్వినా అది పెద్ద గుంత మాత్రమే. పట్టణాల్లో ఇంకా ఘోరం. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురంలో కాలనీలు మునిగాయి. కరువు జిల్లా కేంద్రంలో జనం పడవల కోసం చూసిన రోజులవి. వంకకు దారి లేకుండా చేస్తే అది ఇళ్ళలోకి రాక ఎక్కడికి పోతుంది?

మళ్ళీ మీ పొలానికి వస్తాను. ముందు కందకాలు, తర్వాత దిగువ మూలలో పంట కుంట, ఆ తర్వాతే బోరు గుంత. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు కుంటలో అంచులు వాలుగా తీసినా లక్ష లీటర్లకు పైనే నిలుస్తాయి. కాయలు కట్టడానికి ఊడలు మట్టిలోకి దిగే సమయంలో వాన మొహం చాటేస్తే ఎకరా శెనక్కాయకు ఒక తడి ఇవ్వడానికి అది సరిపోతుంది. మన పంట చాలా ఏళ్ళు ఆ ఒక్క తడి లేకే పోతోంది. నీళ్ళు నిలవాలంటే ఎర్రనేలలో కుంటకు మట్టి, సిమెంటు కలిపి పూత వేయించాలి. లేకపోతే ఇంకిపోతాయి. ఇంకినా నష్టం లేదనుకోండి, అదీ భూమిలోకే.

కుంట ఉపాధి హామీ పనుల్లో తవ్వించుకోవడానికి వీలుందేమో, ఆ పనులు చూసే మీ ఊరి ఫీల్డ్ అసిస్టెంటును అడగండి. ఉపాధి హామీ పథకం దేశంలో మొట్టమొదట 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. అయితే కొలత వేసేటప్పుడు మీరు దగ్గరుండాలి. తవ్వడానికి సులువని మెరకలో గీత గీసి పోతారు, అక్కడికి చుక్క నీళ్ళు కూడా ఎక్కవు. పుల్లలు గుచ్చిన చోటు చూపించి అక్కడే తవ్వమనండి.

బోరు గుంత మీద ఖర్చు పెట్టే ముందు ఒకటి చూసుకోవాలి. ఒకప్పుడు నీళ్ళు పోసి ఎండిన బోరు అయితేనే పగుళ్ళు తగిలినట్టు, అది నీళ్ళు తీసుకుంటుంది. వేసిన రోజే పొడి వచ్చిన బోరు అయితే దాని చుట్టూ ఎంత తవ్వినా దండగ, ఆ డబ్బు కందకాలకే పెట్టండి. మీది ఏ రకమో, పొలం వాలు ఎటు ఉందో, ఎగువన ఎవరి పొలం ఉందో కింద రాయండి. కుంట ఎక్కడ పెడితే బాగుంటుందో నాకు తోచింది చెబుతాను.